వచ్చిపోయే జబ్బు

గేటు గొళ్ళెం తీసిన చప్పుడుకి మిషను తొక్కుతున్న ఆమె కాలు ఆగిపోయింది. గురువారం. బావగారు.

ఆయన ఇంట్లోకి రారు. వారం వారం అదే వరస. షెడ్డు రేకు తలుపు పక్కకి తోసి, చెప్పులు బయటే విడిచి, లోపల ఎవరో నిద్రపోతున్నట్టు అడుగులో అడుగు వేసుకుంటూ వెళతారు. కారు తలుపు తీస్తారు. చనిపోయిన తమ్ముడు, అంటే ఆమె భర్త, పొడగరి; సీటు బాగా వెనక్కి జరుపుకుని కూర్చునేవాడు. పొట్టిగా, బొద్దుగా ఉండే అన్నగారు దాన్ని ముందుకు జరుపుకోరు. అంచు మీద కూర్చుని, కాళ్ళు చాపి, తాళం తిప్పుతారు.

ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది.

ఆ అదురుకి మిషను బల్ల మీదున్న కత్తెర సన్నగా వణికింది. ఆమె కాలరు అంచులో దిగిన సూదిని అలాగే ఉంచి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "విన్నారుగా అందరూ? ఇదీ స్టార్ట్ కాని బండి!" ఇదే చప్పుడు మీద గొంతు పెంచి బావగారు అన్న ఆ మాట ప్రతి గురువారం ఆమెకి కొత్తగా వినబడుతుంది. అత్తగారు పోయిన ఆ సాయంత్రం ఆవిడని వసారాలో పడుకోబెట్టి ఉన్నారు. వాకిట్లో వీధంతా ఉంది. మధ్యాహ్నం అమ్మకి ఆయాసం వస్తే కారు కదల్లేదని, వేరే బండి కోసం సందు చివరిదాకా పరిగెత్తానని చెప్పిన ఆమె భర్త స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. అన్నగారు అతని చేతిలోంచి తాళం లాక్కుని తిప్పారు. బండి పలికింది. అంతే. బతికినన్నాళ్ళూ అతను మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. ఎవరైనా ఎత్తితే లేచి షెడ్డులోకి వెళ్ళిపోయేవాడు.

బావగారు కిటికీ దగ్గరికి వచ్చారు. చేతిలో నూనెగుడ్డ.

"బ్యాటరీ బాగానే ఉందమ్మాయ్."

"మంచిది బావగారూ."

"వెనక టైర్లో గాలి తగ్గింది. రేపెప్పుడైనా..."

"ఆదివారం ఒకాయన చూడటానికి వస్తున్నాడు. నచ్చితే అప్పుడే తీసుకుపోతాడట."

గుడ్డతో వేళ్ళు తుడుచుకుంటున్నవారు ఆగారు. "ఎవరు?"

"అక్కయ్య పుట్టింటివైపు వాళ్ళు. మీకు చెప్పలేదా?"

"మీ అక్కయ్య నాకు చెప్పి చేసిన పనేదైనా ఉందా?" నవ్వబోయి మానేశారు. "ఇప్పుడేం తొందరొచ్చింది? ఉండనీ ఇంకొన్నాళ్ళు. తిండి అడుగుతోందా, బట్ట అడుగుతోందా?"

"ఆ రేకుల కింద ఇంకో మిషను వేసుకుందామని."

ఆయన ఏదో అనబోయి, షెడ్డువైపు చూసి, తిరిగి అటే వెళ్ళారు. బానెట్ ఎత్తిన కీచుమన్న చప్పుడు. ఇంజను ఆగింది. మళ్ళీ పలికింది. ఆగింది. పలికింది. ఆమె పళ్ళు బిగించి కాలరు పూర్తి చేసింది. పోయిన మనిషిని కూడా ఇంకా ఓడించాలా? వారానికోసారి వచ్చి, 'చూడు, పలుకుతోంది, చూడు' అని ఆ గోడలకి వినిపించి వెళ్ళాలా?

ఆయన ఎండ ముదిరేదాకా ఉండి వెళ్ళారు. తలుపు సగమే వేశారు. దాన్ని మూయడానికి వెళ్ళిన ఆమె మూయకుండా లోపలికి వెళ్ళింది.

ఎండకి రేకులు చిటపటలాడుతున్నాయి. బానెట్ మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. సీట్లో కూర్చుంటే కాళ్ళు పెడళ్ళకి అందలేదు. ఆమెకి నడపడం రాదు, తాళం తిప్పడం వచ్చు. ఎప్పుడో సరదాకి అతనే నేర్పాడు. ఆ పూట ఎందుకు తిప్పాలనిపించిందో ఆమెకి తెలియదు. కొనేవాడి చేతికి పోయేముందు ఒకసారి, అనుకుందేమో.

తిప్పింది. టక్కుమంది. స్టీరింగు ముందున్న ఎర్రదీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి.

తర్వాత ఏమీ లేదు. మళ్ళీ తిప్పింది. టక్కు కూడా లేదు. చచ్చిన చేపలా ఉంది బండి.

ఆమె గుండె దడదడ కొట్టుకుంది. అది భయం కాదు. ఇంటికి శుభవార్త మోసుకొచ్చిన మనిషిని చూస్తే కొట్టుకునే తీరు. చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దాటి, ఎదురింటి తలుపు కొట్టింది.

"పిన్నీ! ఒక్కసారి రా. కారు స్టార్ట్ కావడం లేదు!"

ఎదురింటి పిన్ని తడి చేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చింది. "స్టార్ట్ కాకపోతే ఏడవాలిగానీ, ఆ ముఖమేంటే, పెళ్ళిపిలుపుకి వచ్చినట్టు?"

"నువ్వు చూడు. చూస్తూ ఉండు."

తాళం తిప్పింది. ఇంజను హాయిగా అందుకుంది.

పిన్ని ఒక నిమిషం వింది. "బంగారంలా మోగుతోంది కదే! మా ఆయనా ఇంతే. తిట్టబోయేసరికి ఏదో ఒక పని చేస్తూ కనిపిస్తాడు." ఆమె నవ్వలేదని చూసి పిన్ని గొంతు మార్చింది. "ఎండలో కూర్చోకమ్మా. లోపలికెళ్ళి కాస్త నడుం వాల్చు."

పిన్ని జాలిగా భుజం తట్టి వెళ్ళిపోయింది. ఆమె ఇంజను ఆపి అక్కడే కూర్చుంది. నిజంగా ఆగిందా? దీపాలు ఆరిపోయాయా, ఎండ కళ్ళలో పడి అలా అనిపించిందా? కాసేపటికి తన మీదే తనకి నమ్మకం పోయింది. అప్పుడు తోచింది ఆమెకి. అతను ఈ సీట్లోనే, ఈ ప్రశ్నతోనే, సాయంత్రాలన్నీ కూర్చున్నాడు. తను వంటింట్లోంచి, అన్నం చల్లారిపోతోందని కేకలు వేసేది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి ముక్కు మేస్త్రిని పిలుచుకొచ్చింది. బళ్ళలో కరెంటు పని చేసే ముసలాయన. ఏ వైరు కాలిందో వాసన చూసి చెబుతాడని ఆ పేరు. వచ్చీరాగానే బానెట్ ఎత్తి, తల లోపల పెట్టి, గట్టిగా ఊపిరి పీల్చాడు.

"కాలిన వాసన లేదు. ఎలకల కంపుంది. ఏమవుతుందమ్మా దీనికి?"

"ఒక్కోసారి పలకదు మేస్త్రీ. ఎవరైనా చూస్తే పలుకుతుంది."

"ఓహో. వచ్చిపోయే జబ్బు." ఆయన సంచీలోంచి చిన్న బల్బు తీశాడు. దానికి రెండు వైర్లు, ఒకదాని చివర క్లిప్పు, ఒకదాని చివర మేకులాంటి ములుకు. "మంచం పట్టిన జబ్బుని ఎవడైనా కుదురుస్తాడు. ఈ వచ్చిపోయేది ఉందే, డాక్టరు ముందు దగ్గడం మానేసి, గుమ్మం దాటగానే దగ్గే రకం. నిన్న పలకనప్పుడు దీపాలు వెలిగాయా?"

"ఆరిపోయాయి. అన్నీ."

"నిజంగా చూశావా, తర్వాత అనుకున్నావా?"

ఆమె ముఖం చూసి మేస్త్రి వెంటనే సర్దుకున్నాడు. "కోపం వద్దు తల్లీ. అందరినీ అడుగుతాను. అబద్ధమాడేది మనిషి కాదు, బండి."

ఆయన క్లిప్పుని బండి ఇనుముకి కరిపించి, బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి వైర్లు కలిసే ఒక్కో కలయికనీ ములుకుతో ముట్టుకుంటూ వెళ్ళాడు. ముట్టుకున్న చోటల్లా బల్బు వెలిగింది. కాసేపటికి ఆయన చెయ్యి ఆగింది.

"ఇదేంటమ్మా? బండికి గుండీలు కుట్టారా?"

వైరు బిగించిన చోట నీలం దారం చిన్న ముడి వేసి ఉంది. పక్క కలయిక దగ్గర ఇంకొకటి. ఫ్యూజు పెట్టె దగ్గర, పెట్టెలోంచి బయటికొచ్చే ప్రతి వైరుకీ. మేస్త్రి డ్రైవరు సీటు కింద వెల్లకిలా పడుకుని, తాళం వెనక ఉన్న వైర్లు కిందికి లాగాడు. అక్కడా ఉన్నాయి.

ఆమె వంగి చూసింది. తను యూనిఫారాలు కుట్టే దారం. ముదురు నీలం. ఎప్పుడో ఒక పెద్ద ఉండ కనబడక ఇల్లంతా వెతికి, కొత్తది కొనుక్కుంది. డ్యాష్‌బోర్డు అర తెరిచి చూస్తే ఆ ఉండ అందులోనే ఉంది, సగం అయిపోయి.

ముడి కూడా ఆమెదే. రెండు చుట్లు తిప్పి, మధ్యలోంచి తీసి, పంటితో కొస కొరికినట్టు పొట్టిగా తెంపిన ముడి. చొక్కాలు ఎక్కువైన రోజుల్లో అతను పక్కన కూర్చుని గుండీలు కుట్టేవాడు. ఆ ముడి తనే నేర్పింది. నీటి మీటర్లు చూసే ఉద్యోగం అతనిది. చూసిన మీటరు గోడ మీద సుద్దతో గీత గీయందే పక్కింటికి వెళ్ళేవాడు కాదు.

"మావారు కట్టినవి," అంది.

"ఊఁ. పద్ధతైన మనిషి." మేస్త్రి లేచి కూర్చున్నాడు. "ఒక్కో కలయికా చూడటం, బాగుంటే దారం కట్టడం. మళ్ళీ మొదటికి రాకుండా. ఎన్నాళ్ళు వెతికాడో పాపం."

ముడి మీద వేలు పెట్టింది. నూనె, దుమ్ము పట్టి దారం దాదాపు నల్లబడింది. దాని పక్కది కూడా. ఆ పక్కది కూడా. తాళం నుంచి వైరు మళ్ళీ ఇంజనువైపు వెళ్ళింది. మేస్త్రి వెంట ఆమె కూడా ముందుకి వెళ్ళి తల వంచింది. అక్కడ ఇంజనుని తిప్పే మోటారు ఉంది. దానికి వెళ్ళే వైర్లకీ దారాలున్నాయి. కానీ ఆమె చెయ్యి వాటిని తాకగానే ఆగిపోయింది.

ఇవి వేరే ముడులు.

ఒక మెలిక తిప్పి, కొసని మడిచి దూర్చి, లాగితే ఊడొచ్చేలా వేసినవి. కొసలు పొడుగ్గా వేలాడుతున్నాయి. కుట్టుపని తెలిసినవాళ్ళు అలా వేయరు. అలాంటి ముడిని ఆమె ఈ ఇంటి కోడలయిన నాటి నుంచి చూస్తోంది. బావగారి ఇనుపసామాన్ల కొట్లోంచి మేకులు, మరలు ఏవి వచ్చినా పొట్లానికి అదే ముడి. లాగి, ఊడదీసి, ఆ పురికొస మళ్ళీ వాడుకునేది.

"మేస్త్రీ, ఇవి ఎప్పటివి?"

మేస్త్రి వాసన చూడలేదు గానీ, వేలికి చుట్టి చూశాడు. "ఇవి మొన్నమొన్నటివి. రంగు కూడా పోలేదు. దీని మీద దుమ్మేది? ఈ చివరిది నిన్న కట్టినా కట్టి ఉండొచ్చు. ఏం, ఇవి మీవారు..."

"ఆయన పోయి రెండో వానాకాలం వస్తోంది."

మేస్త్రి దారం వదిలేశాడు.

బ్యాటరీ దిగిపోకుండా చూడటానికి అంతసేపెందుకని ఆమె ఒక్క గురువారమూ అనుకోలేదు. ఆపి, పలికించి, ఆపి, పలికించి. అది గెలుపు కాదు. పలకకుండా పోయే ఆ ఒక్కసారి కోసం కాచుకుని కూర్చోవడం. ఎండ ముదిరేదాకా.

మేస్త్రి మెల్లగా దగ్గాడు. "ఎవరైతేనేం, ఇద్దరూ ఒకటే పొరపాటు చేశారు. కరెంటు వెళ్ళే దారంతా వెతికారు. వెళ్ళిన కరెంటు తిరిగి రావాలా వద్దా? ఇటు చూడు." బ్యాటరీ రెండో కొస నుంచి లావుపాటి నల్లవైరు ఒకటి బ్యాటరీ పళ్ళెం వెనక్కి వెళ్ళి చీకట్లో కలిసిపోయింది. "దీనికి దారం లేదు. ఒక్కటీ లేదు. పైకి కొత్తపెళ్ళికొడుకులా ఉంటుంది. రబ్బరు తొడుగు లోపల రాగి చిలుం పట్టి ఉంటుందని నా అనుమానం. చల్లగా ఉంటే పనిచేస్తుంది, వేడెక్కితే జారుకుంటుంది. కాస్త కదిపితే మళ్ళీ బుద్ధిగా ఉంటుంది. విప్పనా?"

ఆయన స్పానరు అప్పటికే చేతిలో ఉంది.

"వద్దు మేస్త్రీ."

"అదేంటమ్మా! దొంగని ఇంటిదాకా తరుముకొచ్చి, గుమ్మంలో వదిలేస్తారా ఎవరైనా?"

"విప్పితే బాగైపోతుందిగా?"

"బాగవ్వడానికేగా పిలిచావు?"

"పాడైందని ముందు చూడాల్సిన మనిషి ఒకరున్నారు."

మేస్త్రి ఆమెని ఎగాదిగా చూసి, స్పానరు సంచీలో పడేశాడు. "సరే. అయితే విను. ఎండ బాగా ఎక్కాక కాసేపు నడవనిచ్చి ఆపు. కొంచెం ఆగి తిప్పు. పలకనప్పుడు, తాళం తిప్పి పట్టుకునే ఉండాలి, ఇంకొకరు ఆ నల్లవైరు మొదలు ముట్టుకోవాలి. వేడిగా ఉంటే అదే. మెత్తగా ముట్టుకోమను. కదిలిందా, మీ సాక్ష్యం గాలికి పోతుంది."

శనివారం ఆమె ఇనుపసామాన్ల కొట్టుకి వెళ్ళేసరికి బావగారు త్రాసు ముందు నిలబడి మేకుల పొట్లం కడుతున్నారు. మెలిక తిప్పి, కొస మడిచి, దూర్చి. వేళ్ళు వాటంతట అవే చేస్తున్నాయి. ఆమె ఆ వేళ్ళనే చూసింది.

గల్లా దగ్గర కూర్చున్న తోడికోడలు పలకరించింది. "రావే. ఏం తక్కువైంది?"

"ఏం లేదక్కయ్యా. బావగారిని ఒకసారి ఇంటికి రమ్మందామని. బండి పని."

"రేపు పోయే బండికి ఇవాళ పనేంటి? ఆ బండి ఈ అన్నదమ్ములకి ఏం మందు పెట్టిందో గానీ, ఆయన అందులోనే కూర్చునేవాడు, ఈయన అందులోనే కూర్చుంటాడు. గురువారం అన్నానికి నేను ఎదురుచూడటమే మానేశాను."

బావగారు పొట్లం పక్కన పెట్టారు. "ఏం పని?" అన్నారు, ఆమె ముఖం చూడకుండా.

"నిన్న మేస్త్రి వచ్చాడు. దారాలు చూశాను."

ఆయన భార్యవైపు ఒకసారి చూసి, అంగీ తగిలించుకుని, ఆమె కన్నా ముందే కొట్టు మెట్లు దిగారు.

సందు మలుపులో ఆయన నడుస్తూనే అన్నారు. "వాడు పోయాక, బండి పత్రాలు వెతుకుదామని ఆ డ్యాష్‌బోర్డు అర తీశాను. ఉండ కనబడింది. తర్వాత ముడులు కనబడ్డాయి. అబద్ధం చెప్పినవాడు అన్ని ముడులు ఎందుకు వేస్తాడు?"

ఆమె గేటు తీసింది. ఆయన షెడ్డు బయట చెప్పులు విడిచారు.

షెడ్డు రేకుల మీద ఎండ కూర్చుని ఉంది. ఆమె సీట్లో కూర్చుంది. బావగారు ముందు నిలబడి, మేస్త్రి మాటలుగా ఆమె చెప్పిందంతా తల ఊపుతూ విన్నారు. "తిరిగొచ్చే దారి," అన్నారు తనలో తను. "తిరిగొచ్చే దారి చూడలేదు."

ఇంజను పలికింది. చెమటతో వీపులు తడిసేదాకా నడవనిచ్చారు. ఆపారు. ఆగారు. తిప్పింది. పలికింది. మళ్ళీ నడవనిచ్చారు, ఆపారు. తిప్పింది. పలికింది. ఆయన ఎత్తిన బానెట్ సందులోంచి ఆమెకి ఆయన అంగీ గుండీలు మాత్రం కనబడుతున్నాయి. "నాకెప్పుడూ ఇంతే," అన్నారు. "నా ముందు ఎప్పుడూ పలుకుతుంది."

"ఇంకోసారి బావగారూ."

తిప్పింది.

టక్కు. దీపాలు ఆరాయి.

నిశ్శబ్దం. రేకులు చిటపటమన్నాయి. అంగీ గుండీలు కదలడం మానేశాయి.

"వదలకు," అన్నారు ఆయన. "అలాగే పట్టుకో." ఆయన భుజం కిందికి వంగింది. మరుక్షణం "అమ్మా!" అని చెయ్యి వెనక్కి లాక్కున్నారు. "కాలుతోంది. నల్లవైరు. కాలుతోందమ్మా!"

ఆమె తాళం వదిలింది. ఆయన బానెట్ పక్కకి వచ్చి, కాలిన వేళ్ళు రెండో చేత్తో పట్టుకుని, ఎటో చూస్తూ నిలబడ్డారు. పెదవులు కదిలాయి. తర్వాత హఠాత్తుగా తిరిగి, చెప్పులైనా లేకుండా గేటు దగ్గరికి నడిచారు.

"పిన్నిగారూ! పోస్టు తాతయ్యా! ఒకసారి ఇలా రండి. అందరూ రండి. ఆ రోజు మీరంతా ఉన్నవాళ్ళే!"

"బావగారూ, వద్దు, ఆగండి. మీ చెయ్యి తగిలి..."

ఆయన వినిపించుకోలేదు. ఎదురింటి పిన్ని వచ్చింది. ఎప్పుడో ఉద్యోగం విరమించినా పోస్టు తాతయ్యే అయిన పక్కింటి ముసలాయన వచ్చాడు. కిరాణా కొట్టు భార్యాభర్తలు వచ్చారు. వాళ్ళ వెనక ఇంకొందరు. బావగారు వాళ్ళని షెడ్డు ముందు నిలబెట్టారు. ముఖం ఎర్రగా ఉంది.

"ఆ రోజు నేను ఏమన్నానో గుర్తుందిగా? ఇప్పుడు చూడండి. తిప్పమ్మా."

ఆమె తిప్పకుండా ఆయన్ని చూసింది.

"తిప్పు!"

తిప్పింది. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది.

పోస్టు తాతయ్య గొంతు సవరించుకుని, మర్యాదగా అన్నాడు. "బాగానే ఉందిగా నాయనా."

"ఇప్పుడు కాదు తాతయ్యా. ఇందాక. దీపాలన్నీ ఆరిపోయాయి. లోపల వైరు... వేడికి... నా చెయ్యి తగిలి మళ్ళీ..." ఆయన కాలిన వేళ్ళు చూపించారు. వేళ్ళ కొసలు కొద్దిగా ఎర్రబడ్డాయి, అంతే. కిరాణా కొట్టాయన భార్యతో ఏదో గొణిగాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎండ ఎక్కువగా ఉందిలే బాబూ," అంది పిన్ని. "కాసిని మంచినీళ్ళు తాగండి."

"నాకేం కాలేదు పిన్నిగారూ. నేను విన్నాను. వాడు చెప్పింది నిజం. నేనే..."

"సరేలే నాయనా. నువ్వు చెబితే సరే," అన్నాడు తాతయ్య. చిన్నపిల్లల్ని ఊరుకోబెట్టే గొంతు.

"సరేలే కాదు తాతయ్యా."

తాతయ్య అప్పటికే వెనుదిరిగాడు. ఒకరి వెంట ఒకరు కదిలారు. బావగారు వాళ్ళ వెనక గేటుదాకా వెళ్ళి, కిరాణా కొట్టాయన భుజం పట్టుకుని అదే మాట చెప్పారు. ఆయన తల ఊపి, భుజం విడిపించుకుని వెళ్ళిపోయాడు.

ఆమె ఇంజను ఆపి, కారు దిగి, గేటు దగ్గరికి వచ్చింది.

"పిన్నీ," అని పిలిచింది. వీధి మధ్యలో పిన్ని ఆగింది. "నిజమే. స్టార్ట్ కాలేదు. ఆ రోజూ కాలేదు."

పిన్ని ఆమెనీ, ఆయననీ మార్చి మార్చి చూసింది. తలుపు తీసుకుని లోపలికి వెళ్ళింది.

బావగారు గేటు ఊచ పట్టుకుని నిలబడ్డారు. "నువ్వు విన్నావుగా?"

"విన్నాను బావగారూ."

ఆయన తల ఊపారు. వీధి ఖాళీ అయిపోయింది. అయినా ఎదురుగా ఎవరో ఇంకా ఒప్పుకోకుండా నిలబడి ఉన్నట్టు, అటే చూస్తూ, గొంతు తగ్గించి మరోసారి చెప్పారు.

"స్టార్ట్ కాలేదు."